ఇంట్లో లేత్ - ఒంటికి జాగ్రత్త



రాయచూరు జిల్లాలో మర పని అక్కర లేని ఊరంటూ లేదు. పట్టణంలో పత్తి జిన్నింగు మిల్లులు, బియ్యం మిల్లులు ఉన్నాయి. సింధనూరు, మాన్వి వైపు తుంగభద్ర ఎడమ కాలువ కింద మన తెలుగు రైతుల క్యాంపుల్లో ట్రాక్టర్లు, వరికోత యంత్రాలు, పంపుసెట్లు ఉన్నాయి. ఒక పక్క హట్టి బంగారు గని, మరో పక్క శక్తినగర్ థర్మల్ విద్యుత్ కేంద్రం. ఇన్ని యంత్రాల నడుమ బతికే వారిలో కొందరికి ఆ పని మీద మక్కువ కలగడం సహజమే. ఉద్యోగ విరమణ చేసిన ఫిట్టరో, చేతిపని తెలిసిన రైతో ఒక పాత లేత్ కొని ఇంటి వెనక రేకుల షెడ్డులో బిగించుకుంటాడు. పంపు షాఫ్టు, ట్రాక్టరు పిన్ను, బుష్షు తనే చేసుకుంటాడు. మనసుకు సంతోషం, జేబుకు ఆదా.

ఐ.టి.ఐ.లో టర్నర్ శిక్షణ రెండేళ్ళు. అక్కడ పక్కనే నిలబడి తప్పు దిద్దే మాస్టారు ఉంటాడు. కార్ఖానాలో ఫోర్‌మన్ ఉంటాడు. ఇంటి షెడ్డులో మీకు మీరే ఫోర్‌మన్. ఆ ఫోర్‌మన్ రోజూ గమనించవలసిన ఆరు సంగతులు ఈ పూట మనవి చేస్తాను.

మొదటిది ఒంటి మీది బట్ట. ఇంట్లో ఉన్నాం కదా అని లుంగీ కట్టుకుని, మెడలో తువ్వాలు వేసుకుని లేత్ ముందు నిలబడేవారు చాలామంది. ఒక చిన్న లెక్క చూడండి. 8 అంగుళాల చక్ ఒక్క చుట్టు తిరిగితే సుమారు 64 సెంటీమీటర్ల గుడ్డను చుట్టుకుంటుంది. అది నిమిషానికి 320 చుట్లు తిరుగుతుంటే, సెకనుకు 5 చుట్లు దాటుతాయి. అంటే సెకనుకు 3 మీటర్లకు పైగా గుడ్డ. మన లుంగీ పొడవు మొత్తం 2 మీటర్లు. మీ చెయ్యి స్విచ్ మీదికి పోయేలోపే అంతా అయిపోతుంది. అందుకే ఒంటికి పట్టి ఉండే చొక్కా, ప్యాంటు, కాలికి బూట్లు. చేతికి కట్టిన తోరం, ఉంగరం, గడియారం తీసి పక్కన పెట్టండి. చేతికి గుడ్డ తొడుగులు వేసుకుంటే మంచిదనుకుంటారు. తిరిగే యంత్రం దగ్గర అవే ప్రమాదం. తొడుగు చిక్కుకుంటే వేళ్ళను కూడా లాక్కుపోతుంది. పొడుగ్గా చుట్టలు చుట్టుకునే లోహపు చిప్స్‌ను కూడా చేత్తో లాగకండి. అవి రంపంలా కోస్తాయి. యంత్రం ఆపి, వంచిన కడ్డీతో గాని బ్రష్‌తో గాని తీయండి.

రెండవది చక్ తాళం. తాళం చక్‌లో ఉండగా దాని మీద నుంచి చెయ్యి తీయకూడదు. బిగించారు, తీశారు, పక్కన పెట్టారు, అప్పుడు స్విచ్. మరచిపోయి మోటారు వేస్తే ఆ తాళం ఎవరి మొహానికి ఎగిరి తగులుతుందో చెప్పలేం.

మూడవది కరెంటు. మన పల్లెల్లో త్రీఫేజ్ ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలియదు. పని మధ్యలో కరెంటు పోతే ముందు స్విచ్ ఆపండి. లేకపోతే మీరు వంగి కొలత తీసుకుంటుండగా కరెంటు వచ్చి చక్ తిరగడం మొదలుపెడుతుంది. దీనికి మందు నోవోల్ట్ కాయిల్ ఉన్న స్టార్టర్. కరెంటు పోగానే అది తెగిపోతుంది. మళ్ళీ పచ్చ బటన్ నొక్కితేనే మోటారు తిరుగుతుంది. పొలంలో పంపుసెట్టుకు పెట్టే ఆటో స్టార్టర్ పని ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. కరెంటు రాగానే అది తనంతట తనే మోటారును తిప్పుతుంది. బావి దగ్గర అది సౌకర్యం. లేత్ దగ్గర అది ప్రాణాపాయం. పాత ఆటో స్టార్టర్ ఊరికే పడి ఉందని తెచ్చి లేత్‌కు బిగించవద్దు.

ఇంకొక మాట. ట్రాన్స్‌ఫార్మర్ మార్చిన తరువాత, లైను మరమ్మతు చేసిన తరువాత ఒక్కోసారి ఫేజులు తారుమారవుతాయి. మోటారు వెనక్కి తిరుగుతుంది. పాత చిన్న లేత్‌లలో చక్‌ను మరల మీద బిగిస్తారు. వెనక్కి తిరిగితే అది ఊడి కింద పడవచ్చు. అందుచేత మరమ్మతు తరువాత మొదటిసారి చక్ తీసేసి, మోటారు ఏ వైపు తిరుగుతోందో చూసుకోండి. యంత్రానికి ఎర్త్ తీగ తప్పనిసరి.

నాలుగవది సానరాయి, కన్ను. టూల్ సానబెట్టే గ్రైండర్‌కు కొత్త రాయి బిగించే ముందు దాన్ని వేలికి వేలాడదీసి చెక్కపిడితో మెల్లగా తట్టండి. గలగలమంటే మంచి రాయి. బొంగురుగా పలికితే పగులు ఉన్నట్టు, పారేయండి. రాయి మీద రాసి ఉన్న వేగం కంటే మోటారు వేగం ఎక్కువ కాకూడదు. టూల్ ఆనించే పలకకు, రాయికి మధ్య సందు 3 మిల్లీమీటర్లు మించకూడదు. మొదటి నిమిషం రాయికి ఎదురుగా కాక పక్కకు నిలబడండి. చదువుకునే కళ్ళజోడు చాలదు. పక్కలు కూడా మూసి ఉండే రక్షణ కళ్ళద్దాలు కావాలి. కంట్లో నలుసు పడితే నలపకండి. అగ్గిపుల్లతో, గుడ్డ కొసతో తీయించుకోకండి. నేరుగా కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. తెలుగులో కన్ను, కన్నడంలో కణ్ణు. పోయాక ఏ భాషలో పిలిచినా తిరిగి రాదు.

ఐదవది వేగం. బడిలో నేర్చుకున్న వృత్తం చుట్టుకొలతే ఇక్కడ పనికి వస్తుంది. మెత్తని ఉక్కును హైస్పీడ్ స్టీల్ టూల్‌తో కోయడానికి నిమిషానికి సుమారు 25 మీటర్ల వేగం సరిపోతుంది. సులువు లెక్క ఇది: 8000ను కడ్డీ వ్యాసంతో భాగించండి. 25 మిల్లీమీటర్ల కడ్డీకి 320 చుట్లు, 50 మిల్లీమీటర్లకు 160 చుట్లు. కడ్డీ లావైన కొద్దీ వేగం తగ్గాలి. పోత ఇనుముకు ఇంకొంచెం తగ్గించండి, ఇత్తడికి పెంచండి.

ఆరవది కొలత. మన ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం మామూలే. దానికి తోడు కోసేటప్పుడు ఉక్కు వేడెక్కుతుంది. ఒక మీటరు ఉక్కు డిగ్రీకి సుమారు 12 మైక్రాన్లు పెరుగుతుంది. 50 మిల్లీమీటర్ల షాఫ్టు మీ మైక్రోమీటర్ కంటే 30 డిగ్రీలు వేడిగా ఉందనుకోండి. అది 18 మైక్రాన్లు ఉబ్బి ఉంటుంది. వెంట్రుక మందంలో పావు వంతు అనుకోండి. వేడి మీద సరిగ్గా ఉందని ఆపేస్తే, చల్లారాక చిక్కిపోతుంది. బేరింగు వదులవుతుంది. పంపు నడిచే కొద్దీ షాఫ్టు అరిగి, చేసిన పని వృథా అవుతుంది. కనుక చివరి కోతకు ముందు కడ్డీని చల్లారనివ్వండి. మైక్రోమీటర్‌ను ఎండలో గాని జేబులో గాని ఉంచకండి. రెండూ ఉక్కువే, రెండూ ఒకే వేడిమిలో ఉంటే కొలత నమ్మవచ్చు. అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెట్టింపు పెరుగుతుంది, దానికి మరింత ఓపిక కావాలి.

పిల్లలు చూడటానికి వస్తారు. చూడనివ్వండి, చూస్తేనే కదా నేర్చుకునేది. కానీ రెండు గజాల దూరంలో, కళ్ళద్దాలతో. పని ముగిశాక మెయిన్ స్విచ్ ఆపి, షెడ్డుకు తాళం వేయండి.

చివరగా ఒక సూచన. ఈ ఆరు సంగతులను ఒక పలక మీద తెలుగులోనూ కన్నడంలోనూ రాసి లేత్ పైన తగిలించండి. సాయానికి వచ్చే కుర్రవాడు ఏ బడిలో చదివినా చదువుకోగలగాలి. స్విచ్ వేసే ముందు ఆ పలకను చూడటానికి పట్టేది అర నిమిషం. మీ పది వేళ్ళూ, రెండు కళ్ళూ ఆ అర నిమిషం మీద ఆధారపడి ఉన్నాయి.