వేగం పెరిగితే స్టీరింగు ఎందుకు అదురుతుంది?

రాయచూరు నుంచి హైదరాబాదుకు సొంత కారులో వెళ్లేవాళ్లకు తరచు ఎదురయ్యే ఒక చిక్కు గురించి ఈరోజు చెప్పుకుందాం. ఊళ్లో బండి చక్కగానే ఉంటుంది. శక్తినగర్ దాటి, కృష్ణ దాటి, మక్తల్ దాకా వెళ్లినా తేడా ఏమీ తెలియదు. జడ్చర్ల దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, బండి 80 అందుకోగానే స్టీరింగు చేతుల్లో సన్నగా అదరడం మొదలుపెడుతుంది. 90 దగ్గర అదురు పెరుగుతుంది. 60కి తగ్గిస్తే ఏమీ ఎరగనట్టు పోతుంది. "బయలుదేరినప్పుడు బాగానే ఉంది, దారిలో ఏదో పాడైంది" అనుకుంటాం. చాలాసార్లు దారిలో పాడైంది ఏమీ ఉండదు. లోపం ఇంటి దగ్గరే ఉంది; అది బయటపడేంత వేగం మన వీధుల్లో, క్యాంపు రోడ్ల మీద రాదు, అంతే.

వేగానికీ అదురుకూ ఏమిటి సంబంధం? మన జిల్లాలో బియ్యం మిల్లులు, జిన్నింగు మిల్లులు చూడనివాళ్లు ఉండరు. తిరుగుతున్న పుల్లీకి ఒక అంచు విరిగిందనుకోండి. మెల్లగా తిరిగినంతసేపు ఏమీ కాదు. వేగం అందుకుంటే షెడ్డంతా కదులుతుంది. కారు చక్రమూ అలాంటిదే. 14 అంగుళాల రిమ్ము ఉన్న మామూలు కారు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు చక్రం సెకనుకు దాదాపు 11 సార్లు తిరుగుతుంది. ఆ రిమ్ము అంచున ఒకపక్క కేవలం 30 గ్రాముల బరువు ఎక్కువైతే, ఆ వేగంలో అది చక్రాన్ని సుమారు 3 కిలోల బలంతో బయటికి గుంజుతుంది. అదీ సెకనుకు 11 సార్లు, ఒకసారి పైకి, ఒకసారి కిందికి. 40 వేగంలో ఆ బలం ఇందులో నాలుగో వంతే. వేగం రెట్టింపైతే గుంజే బలం నాలుగు రెట్లవుతుంది. అందుకే 40 దగ్గర జాడ తెలియనిది 80 దగ్గర చేతికి తెలుస్తుంది.

ఆ 30 గ్రాములు ఎక్కడి నుంచి వస్తాయి? చక్రాన్ని తూచి సమం చేసినప్పుడు రిమ్ముకు చిన్న చిన్న బరువు ముక్కలు బిగిస్తారు. గుంతలో పడ్డప్పుడో, పంచరు వేయించినప్పుడో అవి ఊడిపోవచ్చు. ఇది ఎక్కడైనా జరిగేదే. మన దగ్గర ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని మెకానిక్కులు కూడా ఒక్కోసారి మరిచిపోతారు. తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి వైపు వరి పండించేవాళ్లు నాట్ల రోజుల్లో కారును గట్టు దాకా తీసుకుపోతారు. నల్లరేగడి బురద రిమ్ము లోపలి వైపుకు ఎక్కి, ఎండకు రాయిలా గట్టిపడుతుంది. నల్లరేగడి సంగతి మీకు నేను చెప్పాలా, చెప్పుకు అంటితేనే వదలదు! పైనుంచి నీళ్లు కొట్టి కడిగిస్తే బండి తళతళలాడుతుంది కానీ లోపలి పెంకు అలాగే ఉంటుంది. అది 30 గ్రాములు కాదు, పావుకిలో ఉన్నా ఆశ్చర్యం లేదు.

కాబట్టి డబ్బు ఖర్చు పెట్టకముందే చేయవలసింది ఇది. స్టీరింగును ఒకవైపుకు పూర్తిగా తిప్పి, బండి ఆపి, ముందు చక్రం వెనక నుంచి లోపలికి టార్చి వేసి చూడండి. మట్టి ఉంటే నీళ్లతో నానబెట్టి కట్టెపుల్లతో గోకండి. ఇనుప పలుగు వద్దు, బరువు ముక్కలు ఊడిపోతాయి. బ్రేకు గొట్టాల జోలికి పోవద్దు. నాలుగు చక్రాలూ ఇలా శుభ్రం చేశాక ఒకసారి రహదారి మీద నడిపి చూడండి. వర్షాకాలంలో చాలా బండ్ల అదురు ఇక్కడే తీరిపోతుంది.

అయితే ఒక హెచ్చరిక. అదురు ఉన్నట్టుండి మొదలైతే, లేదా గంట గంటకూ పెరుగుతుంటే, లేదా 30, 40 వేగంలో కూడా చక్రం ఊగుతున్నట్టుంటే, ఇంటికి చేరాక చూద్దామనుకోకండి. పక్కకు తీసి ఆపండి. చక్రం నట్లు వదులైనాయేమో స్పానరు పెట్టి చూడండి. టైరు పక్కభాగం మీద, తొక్కే భాగం మీద బొబ్బలాగా ఉబ్బు ఉందేమో చేత్తో తడిమి చూడండి, వేడిగా ఉంటుంది, జాగ్రత్త. ఉబ్బు ఉందంటే టైరు లోపలి అల్లిక తెగిందని అర్థం. అలాంటి టైరు మీద ఇక ముందుకు పోవద్దు. స్టెప్నీ వేసుకుని, మెల్లగా దగ్గరి షాపు చేరండి. మన ఎండల్లో, అందులోనూ గాలి తక్కువున్న టైరుతో వేగంగా పోతే, ఆ ఉబ్బు ఎప్పుడు పగులుతుందో ఎవరూ చెప్పలేరు.

మట్టీ లేదు, నట్లూ గట్టిగానే ఉన్నాయి, టైరూ బాగుంది. అయినా అదురు పోలేదంటే, షాపుకు వెళ్లే ముందు రెండు సంగతులు గమనించుకోండి: అదురు ఎప్పుడు వస్తోంది, ఎక్కడ తెలుస్తోంది. చేతుల్లో స్టీరింగు వణికితే అనుమానం ముందు చక్రాల మీద. స్టీరింగు నిమ్మళంగా ఉండి, సీటూ నేలా అదురుతుంటే వెనక చక్రాల మీద. బ్రేకు తొక్కినప్పుడే వస్తుంటే, బ్యాలెన్సింగుకు ఎన్నిసార్లు డబ్బు పోసినా లాభం లేదు, అది ముందు బ్రేకు డిస్కుల సంగతి. "డిస్కు వంగింది" అంటారు గానీ, నిజానికి చాలాసార్లు వంగేది ఉండదు, ఒకచోట మందంగా, ఒకచోట పలచగా అరిగి ఉంటుంది. యాక్సిలరేటరు తొక్కినప్పుడు వచ్చి, కాలు తీయగానే పోతే, ఇంజను బలాన్ని చక్రాలకు అందించే ఇరుసుల జాయింట్లను చూపించాలి. బండి నిలబడి ఉన్నప్పుడే అదిరితే చక్రాలకు సంబంధమే లేదు, ఇంజను కింది రబ్బరు మౌంటింగులు చూడాలి.

ఇంకొక మాట. షాపులో ముందుగా చెప్పేది "అలైన్‌మెంటు చేయించండి సార్" అని. అలైన్‌మెంటు అవసరమే, కాదనను. అది తప్పితే బండి ఒకపక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. కానీ 80 దగ్గర వచ్చి 60 దగ్గర పోయే అదురుకు అది మందు కాదు. దానికి కావలసింది బ్యాలెన్సింగు. రెండూ వేరు వేరు పనులు. బ్యాలెన్సింగులో చక్రాన్ని విప్పి యంత్రానికి ఎక్కించి తిప్పుతారు. ఆ సమయంలో మీరు పక్కన నిలబడి చూడండి. చక్రం తిరుగుతున్నప్పుడు రిమ్ము అంచు పైకీ కిందికీ, లేదా పక్కలకు ఊగుతూ కనబడితే రిమ్ము వంగిందన్నమాట. దానికి ఎన్ని బరువులు అంటించినా అదురు పూర్తిగా పోదు.

బ్యాలెన్సింగు చేయించినా మిగిలిందా? ముందు చక్రాలు రెండూ వెనక్కీ, వెనకవి ముందుకూ మార్పించండి, ఎటువైపువి అటువైపే ఉంచి. నాలుగూ ఒకే సైజువి అయితేనే సుమా. అదురు స్టీరింగులోంచి సీటు కిందికి పోయిందంటే తప్పు ఆ చక్రానిదో టైరుదో. స్టీరింగులోనే ఉండిపోయిందంటే చక్రం బిగించిన చోటు చూడాలి. జాకీ ఎత్తించి, కింద స్టాండు పెట్టించి, మెకానిక్కును చక్రం పట్టుకుని ఊపమనండి. గడియారంలో 3, 9 ఉండే చోట్ల పట్టుకుని ఊపితే ఆట కనబడితే ఎక్కువగా టై రాడ్ ఎండ్లు అరిగి ఉంటాయి. 12, 6 దగ్గర ఆట ఉంటే బేరింగు గానీ బాల్ జాయింటు గానీ. అరిగిన జాయింటు చాలాసార్లు అదురును పుట్టించదు, చక్రం పుట్టించిన చిన్న అదురును పెద్దది చేసి చేతికి అందిస్తుంది. కానీ దాన్ని వదిలేయకూడదు. పూర్తిగా ఊడితే చక్రం స్టీరింగు మాట వినదు.

కోత రోజుల్లో నెలా రెండు నెలలు చెట్టు కింద నిలిపిన బండి బయలుదేరగానే కాస్త అదిరితే మాత్రం కంగారు పడకండి. నేలకు ఆనిన చోట టైరు చదునుగా మారి ఉంటుంది. గాలి సరిచేసి కొన్ని కిలోమీటర్లు నడిపి, టైరు వేడెక్కితే సాధారణంగా అదే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే టైరు పక్కన అచ్చువేసిన తేదీ చూడండి. నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. బాగా పాతబడి, పక్కభాగంలో బీటలు కనబడుతుంటే, అరగకపోయినా ఆ టైరును రహదారి ఎక్కించవద్దు.

చక్రం ఏ కారణానికి విప్పి బిగించినా, 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక ఆగి, ఎదురెదురు నట్లను వరసగా మరోసారి బిగించి చూసుకోండి. రాయచూరులో చక్రాలు విప్పించి హైదరాబాదు బయలుదేరితే, ఆ పని మక్తల్‌కూ మహబూబ్‌నగర్‌కూ మధ్య టీ తాగే చోట చేసుకోవచ్చు.