కంటికి కనబడని పురుగుకు కంటికి కనబడని శత్రువు



టమాటా తోట మిట్టమధ్యాహ్నం వాడిపోతుంది, సాయంత్రానికి తేరుకుంటుంది. ఆకులు పాలిపోతాయి. నీరు చాలలేదేమోనని మీరొక తడి పెడతారు, బలం చాలలేదేమోనని యూరియా వేస్తారు. మొక్క మాత్రం కోలుకోదు. ఉద్యోగం కొత్తలో ఒక రైతుకు నేనూ ఇట్లాగే యూరియా వేయమన్నాను. ఆయన డబ్బు పోయింది, పంటా పోయింది. చివరకు ఆయనే ఒక మొక్క పీకి, “అయ్యా, ఈ వేళ్లు చూడండి” అన్నాడు. వేళ్లనిండా బుడిపెలు! ఆనాటినుంచి వేళ్లు చూడనిదే నేను సలహా చెప్పను.

అది వేరుబుడిపె నులిపురుగు పని. పిల్లపురుగు అర మిల్లీమీటరు పొడవైనా ఉండదు. వేరు కొన దగ్గర లోనికి దూరి, ఒకచోట స్థిరపడి రసం పీలుస్తుంది. అక్కడ వేరు ఉబ్బుతుంది. ఒక్కొక్క ఆడపురుగు వందలకొద్దీ గుడ్లు పెడుతుంది. వెచ్చని నేలలో సుమారు నెలకొక తరం. వేరుశనగ వేళ్లకుండే మంచి బుడిపెలు గోటితో గీరితే రాలిపోతాయి. ఇవి రాలవు, వేరే ఉబ్బి ఉంటుంది.

ఈ పురుగుకూ శత్రువులున్నారు. వేళ్ల నంటి బ్రతికే సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ అనే బాక్టీరియా అందులో ఒకటి. ఇది మాంసకృత్తులను కరిగించే ఎంజైమును బయటికి వదులుతుంది. ఆ ఎంజైము కూడా ఒక మాంసకృత్తే. నులిపురుగు చర్మంలోనూ, గుడ్డు పెంకులోనూ మాంసకృత్తులున్నవి గనుక దెబ్బ అక్కడ తగులుతుంది. ఈ ఎంజైము తయారుచేయలేని రకం నులిపురుగును అంతగా అణచలేదని 2005లో ప్రకటించిన పరిశోధన తెలిపింది.

బి.టి. బాక్టీరియాలో కొన్ని రకాల స్ఫటిక మాంసకృత్తులు నులిపురుగు కడుపులో చేరి ప్రేగు గోడను పాడుచేస్తాయి. అటువంటి ఒకదానిని టమాటా వేళ్లలోనే తయారయ్యేటట్లు చేయగా, పురుగు సంతతి నాలుగో వంతు మాత్రమే మిగిలేటంత వరకు తగ్గినట్లు 2007లో ప్రకటించారు. అయితే అది ప్రయోగశాల మాట. గొంగళిపురుగులకు చల్లే బి.టి. మందును దీనికి వాడకండి.

మరొక విశేషమున్నది. బాక్టీరియా ఈదేందుకు వాడే తోకలోని మాంసకృత్తును మొక్క గుర్తుపడుతుంది. గుర్తుపట్టే గ్రాహకాన్ని శాస్త్రజ్ఞులు 2000లో కనుగొన్నారు. పొలిమేరలో కుక్క మొరిగితే ఊరు మేలుకొన్నట్లు, మొక్క తన కణాల గోడలు గట్టిపరచి, రక్షణ పదార్థాలు సిద్ధం చేసుకుంటుంది. ఒకే బాక్టీరియా పురుగును కొడుతుంది, మొక్కనూ మేల్కొల్పుతుంది.

కాని బుడిపెలు వచ్చిన వేరును ఇది బాగుచేయలేదు. కాబట్టి ముందే వాడవలెను. కిలో విత్తనానికి 10 గ్రాముల పొడి పట్టించి నీడన ఆరబెట్టండి. నాటేముందు ఎకరానికి ఒక కిలో పొడిని, 20 కిలోల బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి, తేమ ఉన్న నేలలో వేయండి. రాగి మందులతో కలపరాదు. సంచిపై గడువు తేదీ చూచి కొనండి. ఇది ఒక్కటే చాలదు. వేసవిలో లోతుగా దున్నండి, పైరు మార్చి బంతి వేయండి, బుడిపెలున్న నారు నాటకండి.

రేపు తోటకు వెళ్లినప్పుడు, వాడిన మొక్కనొకదానిని పారతో మెల్లగా త్రవ్వి తీయండి. యూరియా బస్తా విప్పేముందు వేళ్లు చూడండి.