మయన్మార్ బోర్డర్‌లో రూ.31 వేల కోట్ల కంచె.. పాతబస్తీకి వచ్చిన రోహింగ్యాల దారి అదేనా?

హైదరాబాద్‌లో ఎన్నికలొస్తే చాలు, రోహింగ్యాల పేరు బయటికొస్తుంది. 2020 జీహెచ్ఎంసీ ఎన్నికల ప్రచారమే తీసుకోండి. గెలిస్తే పాతబస్తీలో సర్జికల్ స్ట్రైక్ చేస్తామని అప్పటి బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు బండి సంజయ్ అన్నారు. ఓటర్ల జాబితాలో వేలమంది రోహింగ్యాలుంటే కేంద్ర హోంమంత్రి ఏం చేస్తున్నారని ఎంఐఎం అధినేత అసదుద్దీన్ ఒవైసీ తిరిగి అడిగారు. ఈ మాటల యుద్ధంలో అసలు ప్రశ్న పక్కకు పోయింది. ఎక్కడో బర్మాలో పుట్టినవాళ్లు బాలాపూర్ దాకా ఎలా రాగలిగారు? ఏ సరిహద్దు దాటారు? అక్కడ కాపలా ఎవరిది?

ఈ ప్రశ్నకు ఇప్పుడు డబ్బు లెక్క కూడా తోడైంది. భారత్-మయన్మార్ సరిహద్దు పొడవునా కంచె, దాని వెంట రోడ్డు వేయాలని కేంద్రం నిర్ణయించింది. అంచనా దాదాపు రూ.31 వేల కోట్లు. మరి ఆ కంచె పడితే చొరబాట్లు ఆగిపోతాయా?

బాలాపూర్ దాకా దారి ఇదీ..

రోహింగ్యాల సొంత ప్రాంతం మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం. 1982లో వచ్చిన పౌరసత్వ చట్టంతో వాళ్లలో అత్యధికులు ఏ దేశానికీ చెందనివాళ్లుగా మిగిలారు. 2012 అల్లర్ల తర్వాత వలసలు పెరిగాయి. 2017 ఆగస్టులో సైన్యం దాడులు మొదలుపెట్టాక 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు.

ఇక్కడ మ్యాప్ ఒక్కసారి చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. రఖైన్‌ ఉత్తరాన ఉన్నది బంగ్లాదేశ్. మధ్యలో అడ్డం నాఫ్ నది. పడవ ఎక్కితే అవతలి ఒడ్డు కాక్స్ బజార్ జిల్లా. మణిపూర్ వైపు రావాలంటే మాత్రం రోజుల తరబడి కొండలు, అడవులు దాటాలి. అందుకే మన దేశానికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ముందు బంగ్లాదేశ్ చేరి, అక్కడి నుంచి ఏజెంట్లకు డబ్బులిచ్చి పశ్చిమ బెంగాల్, త్రిపుర, అస్సాం వైపు దాటారు. మిజోరం, మణిపూర్ మీదుగా వచ్చినవాళ్లు కొందరే. లోపలికి వచ్చాక మిగతాదంతా రైలు ప్రయాణమే. ఢిల్లీ, జమ్మూ, హైదరాబాద్.

హైదరాబాదే ఎందుకంటే.. తక్కువ అద్దెలు, రోజుకూలీ పనులు, ఆదుకునే స్వచ్ఛంద సంస్థలు. బాలాపూర్ రాయల్ కాలనీ, షాహీన్‌నగర్, కిషన్‌బాగ్ చుట్టుపక్కల గుడిసెలు వెలిశాయి. చెత్త ఏరుకునేవాళ్లు, కూలికి పోయేవాళ్లే ఎక్కువ. పక్కనే ఉన్న బార్కస్ కథ కూడా గమ్మత్తైనదే. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల బ్యారక్స్ ఉన్న చోటు కాబట్టి ఆ పేరొచ్చింది. ఈ వైపు బయటి దేశాలవాళ్లు రావడం కొత్త కాదు. కాకపోతే వాళ్లను పిలిపించుకున్నారు, వీళ్లు చెప్పకుండా వచ్చారు.

రెండు సరిహద్దులు, రెండు రకాల కష్టాలు

బంగ్లాదేశ్‌తో మనకు 4,096 కి.మీ. సరిహద్దు ఉంది. బీఎస్ఎఫ్ కాపలా. ఇందులో 3,200 కి.మీ.కు పైగా కంచె పడింది. మిగిలినదాంట్లో సుమారు 174 కి.మీ.లో కంచె వేయడం సాధ్యమే కాదని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. నదులు, బురద నేలలు, కొండచరియలు.. ఈరోజు నిలబెట్టిన స్తంభం రేపటి వరదకు ఉండదు. పైగా జీరో లైన్ నుంచి 150 గజాల లోపు రక్షణ కట్టడాలు ఉండకూడదని 1975లో రెండు దేశాలు ఒప్పుకున్నాయి. దాంతో కంచెకు అవతల కూడా మన ఊళ్లు, మన పొలాలు మిగిలిపోయాయి. రైతులు రోజూ గేటు దాటి వెళ్లి రావాల్సిందే.

మయన్మార్ సరిహద్దు 1,643 కి.మీ. అరుణాచల్ ప్రదేశ్, నాగాలాండ్, మణిపూర్, మిజోరం దీని వెంట ఉన్నాయి. కాపలా అస్సాం రైఫిల్స్‌ది. అయితే ఈ దళానికి ఒకటే పని కాదు. ఒక చేత్తో సరిహద్దు చూడాలి, ఇంకో చేత్తో తిరుగుబాటు గ్రూపులను అదుపు చేయాలి. బీఎస్ఎఫ్ జవాన్లలా గీత మీదే నిలబడే ఏర్పాటు ఇక్కడ లేదు. రోడ్లు లేకపోవడంతో క్యాంపులు చాలావరకు లోపలికి ఉంటాయి. పెట్రోలింగ్ అంటే అడవిలో కాలినడకే.

ఇక అక్కడి జనం సంగతి. నాగాలాండ్‌లోని లాంగ్వా గ్రామంలో ఊరి పెద్ద ఇంటి మధ్య నుంచే అంతర్జాతీయ సరిహద్దు పోతుంది. ఇంట్లో సగం ఇండియా, సగం మయన్మార్. రెండు వైపులా ఒకే తెగ, ఒకే చుట్టరికం. అందుకే వీసా లేకుండా 16 కి.మీ. వరకు తిరిగే సౌకర్యం ఉండేది. 2024 ఫిబ్రవరిలో దాన్ని రద్దు చేస్తున్నట్టు కేంద్రం ప్రకటించింది. ఆ ఏడాది చివర్లో, పాసులతో 10 కి.మీ. వరకు అనుమతించేలా నిబంధనలు మార్చారు. కంచె వద్దని మిజోరం, నాగాలాండ్ అసెంబ్లీలు తీర్మానాలు చేశాయి. 2021లో మయన్మార్‌లో సైనిక కుట్ర జరిగాక పారిపోయి వచ్చిన 30 వేల మందికి పైగా చిన్ తెగవాళ్లకు మిజోరం ఆశ్రయమిచ్చింది. అక్కడివాళ్లకు వాళ్లు చొరబాటుదారులు కాదు, చుట్టాలు.

2024 సెప్టెంబరులో అమిత్ షా చెప్పిన లెక్క ప్రకారం అప్పటికి పూర్తయిన కంచె 30 కి.మీ. అదీ ప్రధానంగా మణిపూర్‌లోని మోరే వైపు.

మరి ఏం కావాలి?

మయన్మార్ కంచె దండగ అని కాదు. డ్రగ్స్, ఆయుధాలు, తిరుగుబాటుదారుల రాకపోకలకు ఆ సరిహద్దు పెద్ద దారి. మణిపూర్ గొడవల తర్వాత ఆ భయం ఇంకా పెరిగింది. కానీ రోహింగ్యాలను ఆపడానికే ఈ కంచె అంటే మాత్రం లెక్క కుదరదు. వాళ్ల దారి ఎక్కువగా వేరే వైపు ఉంది.

ఇలాంటి చోట్ల ముందు రావాల్సింది రోడ్డు. కంచె తెగిందని తెలిసినా జవాన్లు చేరుకోవడానికి ఒక పూట పడితే ఆ కంచె ఉన్నా లేనట్టే. తర్వాత సెన్సర్లు, కెమెరాలు. అస్సాంలోని ధుబ్రీ దగ్గర బ్రహ్మపుత్ర నదిలో 61 కి.మీ. మేర ఇలాంటి ఎలక్ట్రానిక్ నిఘాను 2019 మార్చిలో ప్రారంభించారు. మయన్మార్ వైపు అరుణాచల్, మణిపూర్‌లలో ఒక్కో కిలోమీటరు చొప్పున ప్రయోగం మొదలుపెట్టారు. వీటన్నిటికంటే ముఖ్యం ఊరివాళ్లు. కొత్త మనిషి కనబడితే ముందు తెలిసేది వాళ్లకే. వాళ్లే కంచెకు ఎదురు తిరిగితే ఎన్ని కెమెరాలున్నా సమాచారం రాదు.

ఇంకోటి, మనుషులను దాటించే ముఠాలు. 2023 నవంబరులో ఎన్ఐఏ ఒకేరోజు 10 రాష్ట్రాల్లో సోదాలు చేసి 44 మందిని పట్టుకుంది. అందులో 21 మంది త్రిపురలో దొరికారు. తెలంగాణలోనూ ఒకరు చిక్కారు. దొంగ పత్రాలు తయారుచేసేవాళ్లు, పని ఇప్పించేవాళ్లు బోర్డర్‌లో ఉండరు, మన ఊళ్లలోనే ఉంటారు. 2020 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆధార్ కార్యాలయం 127 మందికి నోటీసులిచ్చింది కూడా తప్పుడు పత్రాల అనుమానంతోనే. డీఆర్‌డీవో క్షిపణి ల్యాబులున్న కంచన్‌బాగ్ ఈ బస్తీలకు దగ్గర్లోనే ఉంది. కాబట్టి ఎవరు ఎక్కడ ఉంటున్నారో పోలీసులకు తెలిసి ఉండటం సబబే. ఇక్కడి రోహింగ్యాల వేలిముద్రలు, వివరాలు తీసుకున్నది కూడా అందుకే. అలాగని ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డుతో, పేరు నమోదు చేయించుకుని ఉన్నవాళ్లనూ, దొంగ కార్డుతో దాక్కున్నవాళ్లనూ ఒకే గాటన కడితే పోలీసులకే నష్టం. భయపడ్డవాళ్లు నమోదుకు రారు, చెప్పకుండా ఇల్లు మారుస్తారు.

వెనక్కి పంపడం సంగతేంటంటే.. 1951 శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు. చట్ట ప్రకారం ప్రక్రియ పూర్తి చేయకుండా పంపొద్దని జమ్మూ రోహింగ్యాల కేసులో 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ప్రక్రియ పూర్తి కావాలంటే వీళ్లు మావాళ్లేనని మయన్మార్ ఒప్పుకోవాలి. 1982 చట్టం ఆ దేశంలో ఇంకా అమల్లోనే ఉంది.