పేగు అతుకు నిలిచే తీరు: స్రావ నివారణ పద్ధతుల పరిశీలన

వ్యాససంగ్రహం:
వ్యాధి సోకిన పేగుభాగాన్ని తొలగించి మిగిలిన రెండు కొసలను కలిపే శస్త్రచికిత్సలో, అతికిన చోటు నుంచి మలం, ద్రవాలు కడుపులోకి కారడం ప్రాణాంతకమైన ఉపద్రవం. దానిని నివారించడానికి శస్త్రవైద్యులు అనుసరించే పద్ధతులను, వాటి వెనుక ఉన్న శరీరధర్మాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం. కుట్టులోని నేర్పు ఒక్కటే అతుకును నిలపలేదని ఈ పరిశీలన చూపుతుంది.

కీలకపదాలు: పేగు అతుకు, స్రావం, సబ్‌మ్యూకోసా, రక్తప్రసరణ, తాత్కాలిక స్టోమా.

1. ఉపోద్ఘాతం:
మా దగ్గరి బంధువు ఒకరికి పెద్దపేగు శస్త్రచికిత్స జరిగినప్పుడు సమ్మతిపత్రం మీద సంతకం చేసినవారిలో నేనూ ఒకడిని. అతుకు లీకు కావచ్చుననీ, సంచి పెట్టవలసి రావచ్చుననీ అందులో ఇంగ్లీషులో ఉంది. ఆ రెండు మాటలనూ వివరించే తీరిక ఆ పూట అక్కడ ఎవరికీ లేకపోయింది. ఈ వ్యాసానికి ప్రేరణ అదే.

వైద్యులు ఈ కలయికను అనస్టమోసిస్ అంటారు. తెలుగు అధ్యాపకులకు 'సంధి' అనే మాట వెంటనే స్ఫురించవచ్చు. కానీ సంధిలో రెండు వర్ణాలు ఏకమై కొత్త రూపం ఏర్పడుతుంది. పేగులో కలిసిన చోటు జాడ మిగిలే ఉంటుంది. అందువల్ల ఇక్కడ 'అతుకు' అనే మాటనే వాడుతున్నాను.

2. చీమల నుంచి సూది వరకు:
పేగును అతికే ప్రయత్నం ప్రాచీనమైనది. సుశ్రుతసంహిత చికిత్సాస్థానంలోని ఉదరచికిత్సాధ్యాయం ఛిద్రమైన పేగుకు చేయవలసిన శస్త్రకర్మను వర్ణిస్తుంది. నాభికి దిగువన ఎడమవైపు కోసి, పేగును బయటకు తీసి, శుభ్రపరచి, అంచులను దగ్గరకు చేర్చి నల్లచీమలతో కరిపించాలి. అవి పట్టు బిగించాక మొండేలను తుంచివేసి తలలను అక్కడే ఉంచాలి. ఆ తరువాత పేగును లోపలికి చేర్చి పొట్టను కుట్టాలి. చీమ కొండి నేటి లోహపు పిన్నుకు మూలమని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. అయితే అంచులు కదలకుండా కొంతకాలం పట్టి ఉంచితే మిగతా పని శరీరం చేస్తుందన్న గ్రహింపు ఆ వర్ణనలో ఉందని నా అభిప్రాయం.

ఆధునిక చర్చ పంతొమ్మిదో శతాబ్దిలో మొదలైంది. పేగు గాయాలు మానే తీరుపై బెంజమిన్ ట్రావర్స్ 1812లో లండన్‌లో గ్రంథం ప్రకటించాడు. 1826లో పారిస్‌లో ఆంత్వాన్ లాంబేర్, అంచులను లోపలికి మడిచి, పేగు బయటి నునుపు పొరలు రెండూ ఒకదానికొకటి ఆనేలా కుట్టాలని ప్రతిపాదించాడు. ఆ పొరలు త్వరగా అంటుకుంటాయి. అయితే సూది దేనిని పట్టుకోవాలన్న ప్రశ్న మిగిలిపోయింది. 1887లో అమెరికన్ శస్త్రవైద్యుడు విలియం హాల్‌స్టెడ్ కుక్కలపై చేసిన ప్రయోగాలతో దానికి సమాధానం చెప్పాడు. పేగు గోడకు బలం కండరపు పొరలో లేదు, లోపలి శ్లేష్మపొరలో అంతకన్నా లేదు. ఆ రెంటి నడుమ ఉండే సబ్‌మ్యూకోసాలో ఉంది. కొల్లాజెన్ పోగులతో అల్లుకున్న ఆ పలుచని పొరను పట్టని కుట్టు తెగిపోతుంది.

తరువాత సాధనాలు మారాయి. 1892లో చికాగోలో మర్ఫీ లోహపు గుండీని ప్రవేశపెట్టాడు. 1908లో బుడాపెస్ట్‌లో హ్యూల్ట్ల్ పిన్నులు కొట్టే తొలి స్టేప్లర్‌ను వాడాడు. నేడు చేతికుట్టు, స్టేప్లర్ రెండూ చెల్లుబాటులో ఉన్నాయి. పెద్దపేగును పురీషనాళంతో కలిపేటప్పుడు ఒకటి రెండోదానికన్నా మేలని తులనాత్మక పరిశీలనలు తేల్చలేకపోయాయి. కుట్టు ఒక వరుసా, రెండు వరుసలా అన్న వాదానికీ ఇదే గతి పట్టింది.

3. బలహీనమైన రోజులు:
సాధనం మారినా ఫలితం అంతగా మారకపోవడానికి కారణం గాయం మానే క్రమంలో ఉంది. కోసిన అంచుల దగ్గర పాత కొల్లాజెన్ మొదట కరిగిపోతుంది, కొత్తది ఆ తరువాత పేరుకుంటుంది. ఈ రెంటి నడుమ, ఇంచుమించు మూడు నాలుగు రోజుల వద్ద, అతుకు తన బలంలో అట్టడుగున ఉంటుంది. అప్పుడు దారమో పిన్నో మాత్రమే దానిని పట్టి ఉంచుతుంది. శస్త్రచికిత్స ముగిసిన సాయంత్రం నిక్షేపంగా ఉన్న రోగికి వారం తిరిగేలోగా జ్వరం, కడుపునొప్పి, గుండెదడ మొదలుకావడం వెనుక ఉన్న రహస్యం ఇదే.

కొత్త కొల్లాజెన్ ఏర్పడాలంటే ప్రాణవాయువు కావాలి, దానికి రక్తం కావాలి. కనుక శస్త్రవైద్యుని శ్రమలో పెద్దపాలు కుట్టుకు ముందే జరుగుతుంది. కోసిన కొస ఎర్రగా ఉందా, అంచున రక్తం చిమ్ముతోందా అని చూస్తారు. కొసలు లాగుడు లేకుండా కలవాలి. పురీషనాళానికి అతికేటప్పుడు పైపేగు కటి లోతుకు చేరదు. అందుకే ప్లీహం దగ్గర పెద్దపేగు తిరిగే మలుపును చుట్టూ ఉన్న బంధనాల నుంచి విడిపిస్తారు, అవసరమైతే క్లోమం కింది అంచు వద్ద సిరను కూడా కట్టి కోస్తారు. బిగువుగా లాగి కలిపిన అతుకులో రక్తనాళాలు సాగి సన్నబడతాయి. ఆ లోపాన్ని ఏ కుట్టూ పూడ్చలేదు.

రక్తం ఒక్కటే చాలునా? 1955లో కోన్, రైవ్స్ అనే శస్త్రవైద్యులు కుక్కల పెద్దపేగులో అతికిన చోట రక్తనాళాలను కట్టివేసి, పేగు లోపలికి సన్నని గొట్టం ద్వారా టెట్రాసైక్లిన్ పంపారు. రక్తం తగ్గిన ఆ అతుకులు మందు వల్ల నిలిచాయి. మందు అందని జంతువులలో నిలవలేదు. ఈ ప్రయోగం చాలాకాలం మరుగున పడింది. కొల్లాజెన్‌ను విచ్ఛిన్నం చేయగల పేగు సూక్ష్మజీవులపై ఇటీవల జరుగుతున్న పరిశోధన దానికి మళ్ళీ ప్రాధాన్యం తెచ్చింది.

4. బల్ల మీదనే పరీక్ష:
అనుభవజ్ఞుడైన శస్త్రవైద్యుని అంచనాను నమ్మవచ్చునా అంటే, ఏ అతుకు కారుతుందో ముందే చెప్పడంలో ఆ అంచనా బలహీనమని 2009లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. అందుకే పరీక్షలు అవసరమయ్యాయి. వాటిలో సరళమైనది గాలి పరీక్ష. కటిని నీటితో నింపి, మలద్వారం నుంచి గాలి పంపి, బుడగలు వస్తున్నాయేమో చూస్తారు. సైకిల్ ట్యూబుకు పంక్చరు వేసేవాడు చేసేదీ ఇదే. 1990లో ప్రచురితమైన ఒక యాదృచ్ఛిక పరిశీలనలో పరీక్ష చేసి లోపాలను సరిదిద్దిన వర్గంలో 4 శాతం మందికి, చేయనివారిలో 14 శాతం మందికి స్రావం కలిగింది.

ఇండోసయనిన్ గ్రీన్ రంగును సిరలోకి ఎక్కించి, పరారుణ కెమెరాలో రక్తప్రసరణను చూసే పద్ధతి కొత్తది. దాని విషయంలో తీర్పు ఏకగ్రీవం కాదు. అమెరికాలో జరిగిన పిల్లర్-3 పరిశీలనలో రెండు వర్గాలకూ తొమ్మిది శాతానికి అటూఇటుగానే స్రావం కలిగింది. జపాన్‌లోని ఎసెన్షియల్ పరిశీలనలో మాత్రం 11.8 నుంచి 7.6 శాతానికి తగ్గింది. అతుకు చుట్టూ కొవ్వుపొరను కప్పడం గానీ, కటిలో గొట్టం ఉంచడం గానీ పెద్ద పరిశీలనలలో స్రావాన్ని ఆపలేదు.

5. సంచి సంగతి:
సమ్మతిపత్రంలోని రెండవ మాట ఇక్కడికి వస్తుంది. అతుకు మలద్వారానికి దగ్గరగా ఉన్నప్పుడు, దానికి ఎగువన చిన్నపేగు మడతను పొట్ట గోడ మీదికి తెచ్చి, మలాన్ని సంచిలోకి మళ్ళిస్తారు. అతుకు మానేలోగా దాని మీదుగా మలం ప్రవహించదు. 2007లో స్వీడన్ పరిశోధకులు 234 మంది రోగుల ఫలితాలను ప్రకటించారు. సంచి ఉన్నవారిలో 10.3 శాతానికి, లేనివారిలో 28 శాతానికి లక్షణాలతో కూడిన స్రావం కలిగింది. అత్యవసరంగా మళ్ళీ పొట్ట తెరవవలసిన అవసరం కూడా మొదటివారిలో బాగా తగ్గింది.

దీనికీ మూల్యం ఉంది. ఒంట్లో నీరు, లవణాలు తరిగిపోవడం, చర్మం ఒరిసిపోవడం, మూసివేయడానికి మరొక శస్త్రచికిత్స, కొందరిలో అది ఎప్పటికీ మూయలేకపోవడం. రోగి కుటుంబం సంచిని వైఫల్యానికి గుర్తుగా భావిస్తుంది. మా ఇంట్లోనూ ఆ రాత్రి అలాగే అనుకున్నాం. అది అతుకు చెడినందువల్ల పెట్టినది కాదు, చెడకుండా పెట్టినది. సమ్మతిపత్రం తెలుగులో ఉండి, ఈ ఒక్క వాక్యం అందులో ఉంటే, మూడు వారాలపాటు మా పెద్దాయన ఎవరికీ ముఖం చూపకుండా గోడవైపు తిరిగి పడుకొని ఉండేవారు కాదు.