మూలనపడ్డ పవర్‌హౌస్ మళ్లీ నిలబడింది

దక్షిణాఫ్రికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు 2023ను అంత తేలిగ్గా మరిచిపోవు. ఫోన్‌లో లోడ్‌షెడ్డింగ్ టైమ్‌టేబుల్ చూసుకుని కుక్కర్ పెట్టుకున్న ఏడాది అది. స్టేజ్ 6 నడిచిన రోజుల్లో ఇళ్లలో ఎనిమిది, పది గంటలు కూడా కరెంటు ఉండేది కాదు. ఆ ఏడాది మొదట్లోనే క్వాజులూ-నటాల్ తీరంలోని ఓ చక్కెర మిల్లు పవర్‌హౌస్ బాధ్యత నా చేతికొచ్చింది.

చక్కెర మిల్లు తన కరెంటు తానే చేసుకోగలదు. చెరకు పిప్పిని బాయిలర్‌లో మండిస్తే ఆవిరి వస్తుంది. అది టర్బైన్‌ను తిప్పుతుంది. టర్బైన్ నుంచి బయటికొచ్చిన ఆవిరితోనే చెరకు రసం కాగుతుంది. మా దగ్గర మాత్రం ఏళ్ల తరబడి సరైన మరమ్మతు లేక ఒక బాయిలర్ మూలనపడింది. టర్బైన్ వారానికి రెండు మూడుసార్లు ట్రిప్ అయ్యేది. అదే సమయానికి బయటి కరెంటూ పోతే మిల్లు ఆగిపోయేది. కోసిన చెరకు యార్డులో పడి ఉంటే అందులో చక్కెర తగ్గిపోతుంది. నష్టం రైతుకూ, మిల్లుకూ. ‘ఈ సీజన్ చూస్తాం, తర్వాత మిల్లు నడపాలా వద్దా ఆలోచిస్తాం’ అంది యాజమాన్యం.

ఇక్కడ క్రషింగ్ సుమారుగా ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా సాగుతుంది. మా చేతిలో ఉన్నది మూడు నెలలు.

ముందు లాగ్‌బుక్, తర్వాతే స్పానర్

మొదటి రెండు వారాలు ఏదీ విప్పలేదు. పాత లాగ్‌బుక్‌లు తిరగేసి, ప్రతి ట్రిప్‌కూ కారణం రాసుకున్నాం. జులూలో పెద్దవాళ్లను గౌరవంగా ‘బాబా’ అంటారు. మా సీనియర్ బాయిలర్ ఆపరేటర్‌నూ అందరూ అలాగే పిలిచేవారు. ఏ వాల్వు ఎప్పటి నుంచి కారుతోందో ఆయన సొంత నోటుపుస్తకంలో ఉంది. అంతకుముందు దాన్ని అడిగి చూసినవాళ్లు లేరు.

అసలు జబ్బు నీళ్లలో బయటపడింది. రసం కాచే పాత్రల్లో ట్యూబు లీకైతే చక్కెర కండెన్సేట్‌లో కలిసి బాయిలర్‌కు చేరుతుంది. అక్కడ ఆమ్లంగా మారి ట్యూబులను తింటుంది. నురగ పుట్టి ఆవిరితోపాటు నీళ్లు టర్బైన్‌లోకి పోతాయి. అందుకే కండెన్సేట్ లైన్లలో కండక్టివిటీ మీటర్లు పెట్టించాం. చక్కెర జాడ కనిపిస్తే ఆ నీళ్లు బాయిలర్‌కు పోకుండా వాటంతటవే పక్కకు మళ్లుతాయి. డీఏరేటర్‌లో నీళ్లు 105 డిగ్రీల దగ్గర ఉంటే ఆక్సిజన్ బయటకు పోతుంది. మాకు 80 దాటేది కాదు. దాన్నీ సరిచేశాం. అల్ట్రాసానిక్ పరీక్షలో పలచబడినట్టు తేలిన ట్యూబులు మార్చి, ఇన్‌స్పెక్టర్ ఎదుట హైడ్రాలిక్ టెస్ట్ చేశాం.

టర్బైన్ వైపు అరిగిన గ్లాండ్ సీళ్ల నుంచి ఆవిరి బేరింగుల్లోకి దూరి, లూబ్ ఆయిల్‌లో నీళ్లు చేరుతున్నాయి. అంతకంటే భయపెట్టింది బ్యాటరీ గది. కరెంటు మొత్తం పోయినా టర్బైన్ వెంటనే ఆగదు, కొన్ని నిమిషాలు తిరుగుతూనే ఉంటుంది. ఆ కాసేపు బేరింగులకు నూనె అందించేది బ్యాటరీతో నడిచే అత్యవసర పంపు. ఆ బ్యాటరీల్లో ప్రాణం లేదు. వచ్చిన డబ్బులో మొదటి ఖర్చు వాటికే పెట్టాం. షెడ్డుకు రంగులు వేయిద్దామన్న మాటను పక్కనపెట్టాం.

వర్క్‌షాప్‌లోని ఓ ఫిట్టర్ ముత్తాత విశాఖ వైపు నుంచి చెరకు తోటల కూలీగా వచ్చారట. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి నటాల్ చేరిన వేల మందిలో తెలుగువాళ్లూ ఉన్నారు. అతనికి తెలుగు రాదు. కానీ గ్లాండ్ సీళ్లు అమర్చడంలో అతని చేతికి తిరుగులేదు.

మామూలు పనే నిలబెట్టింది

సీజన్ మొదలైన నెలలో రెండుసార్లు ట్రిప్ అయింది. రెండింటికీ కారణం అదే రోజు దొరికింది. ఆ తర్వాత ట్రిప్ అన్నది వారాల లెక్క నుంచి నెలల లెక్కకు మారింది. బయట కరెంటు పోయిన రాత్రులూ మిల్లు ఆడింది. డిసెంబరులో యాజమాన్యం మరుసటి సీజన్‌కు స్పేర్లు ఆర్డరు పెట్టింది. మిల్లు ఉంటుందని కార్మికులకు తెలిసింది ఆ కాగితంతోనే.

దేశంలోనూ 2024 మార్చి 26 తర్వాత 300 రోజులకు పైగా లోడ్‌షెడ్డింగ్ లేకుండా గడిచింది. ప్రణాళిక ప్రకారం చేసిన మెయింటెనెన్స్ అందుకు ఒక ముఖ్య కారణం.

ఇప్పుడు ప్రతి సోమవారం ఉదయం అత్యవసర పంపును నడిపి చూస్తాం. బాబా నోటుపుస్తకాన్ని టైపు చేయించి, కొత్తగా చేరే ప్రతి కుర్రాడికీ మొదటి రోజే ఇస్తున్నాం.