పరిశోధన వేతనము – దరఖాస్తు

మూసీనది పుట్టిన అనంతగిరి కొండలకు చేరువనున్న నవాబుపేట మా ఊరు. నా చిన్నతనమున మా పొలమునకు ఒక బోరుబావి నీరందించెడిది. ప్రక్క రైతు మాకంటె లోతుగా బోరు వేయించెను; మా నీరు తగ్గెను. మా తండ్రిగారు అంతకంటె లోతుగా వేయించిరి. ఆయన నీరు తగ్గెను. ఇట్లు కొన్ని ఏండ్లలో ఇరువురి బోరులును ఎండినవి, ఇరువురి అప్పులును పెరిగినవి. ఎవరును తెలివితక్కువ పని చేయలేదు. ఎవరికి యుక్తమని తోచినది వారు చేసిరి. అయినను కలిగిన ఫలితము మాత్రము ఎవరును కోరనిది.

అనేక భాగములు ఒకదానిపై నొకటి ప్రభావము చూపుటచే, ఏ ఒక్క భాగమునందును కానరాని లక్షణము మొత్తమునందు పొడచూపినచో, దానిని సంక్లిష్ట వ్యవస్థ యందురు. చీమలబారు, అంగడి ధరలు, అంటువ్యాధి, వాతావరణము – ఇవన్నియు అట్టివే. వీనిలో పెక్కింటిని ప్రయోగశాలలో పెట్టి చూచుట సాధ్యము కాదు. ఊరిలోని బోరులన్నిటిని ఒక ఏడు మూయించి చూతమనిన ఎవ రొప్పుకొందురు? కావున కంప్యూటరులో ఒక బొమ్మ ఊరిని కల్పించి, రైతునకు, నేలకు, వానకు వేరువేరు నియమము లేర్పరచి నడిపి చూతురు. దీనికే సిమ్యులేషన్, అనగా అనుకరణ, అని పేరు.

1971లో థామస్ షెల్లింగ్ అను ఆర్థికశాస్త్రవేత్త ఇట్టి నమూనానే ప్రకటించెను. ఇరుగుపొరుగున తనవంటివారు కొందరున్న చాలునని ప్రతివాడును కోరినను, తుదకు నగరము వేరువేరు వాడలుగా చీలిపోవునని ఆయన చూపెను. 2021లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి మనాబే, హాసెల్మాన్, పరీసి అను మువ్వురకు లభించినది సంక్లిష్ట వ్యవస్థలను గూర్చిన కృషికే.

ఈ విద్యలో డాక్టరేటు చేయగోరు పల్లెటూరి యువకుడు మొదట అడుగు ప్రశ్న, "డబ్బెక్కడిది?" అని. డాక్టరేటు పరిశోధనకు వేతన మిచ్చువా రున్నారు. అది దానము కాదు, చేయు పనికి ప్రతిఫలము. మనదేశమున సి.ఎస్.ఐ.ఆర్., యు.జి.సి. పరీక్షలో జూనియర్ ఫెలోషిప్ పొందినవారికి 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలు, రెండేండ్ల పిమ్మట పని తృప్తికరముగా నున్నచో 42,000 రూపాయలు నిర్ణయించిరి. అమెరికా విశ్వవిద్యాలయముల శాస్త్రశాఖలలో చాలవరకు బోధనకో పరిశోధనకో తోడ్పడినందుకు జీతమిచ్చి, చదువు రుసుమును తొలగింతురు. ఐరోపాలో పెక్కుచోట్ల ఈ స్థానములను ఉద్యోగములవలెనే ప్రకటింతురు. కాని ఒక్క హెచ్చరిక. ప్రవేశము వేరు, వేతనము వేరు. ప్రవేశపత్రము చేతికి రాగానే పొలము తాకట్టు పెట్టవలదు. రుసుము ఎవరు చెల్లింతురో, వేతనము ఎన్ని ఏండ్లు ఇత్తురో వ్రాతమూలకముగా తెలిసికొనుడు.

ఈ పేరుతో శాఖ కనబడలేదని నిరాశ చెందవలదు. 2009లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయమున దీనికే ప్రత్యేక డాక్టరేటు శిక్షణ కేంద్రము నెలకొల్పిరి. అట్టివి అరుదు, వానికి ధనసహాయము కొంతకాలమే యుండును. సామాన్యముగా ఈ పని భౌతికశాస్త్రము, గణితము, కంప్యూటరు శాస్త్రము, సివిల్ ఇంజనీరింగు, అర్థశాస్త్రము మున్నగు శాఖలలో చెదరియుండును. కావున శాఖ పేరు చూడక, ఆచార్యులు వ్రాసిన వ్యాసములు చూడుడు.

ఇక దరఖాస్తు మాట. నా మొదటి దరఖాస్తును ఒక విశ్వవిద్యాలయము త్రోసిపుచ్చినది. తప్పు నాదే. చిన్ననాటి నుండి నాకు శాస్త్రమన్న ప్రీతి యనియు, నేను కష్టజీవి ననియు రెండు పుటలు నింపితిని. అందు ప్రశ్న యన్నది లేదు. మరుసటి ఏడు మా బోరుల కథ వ్రాసితిని. అప్పుడు నేను నేర్చినది నాలుగు మాటలు. మీ ప్రశ్న యేమి? దానికి అనుకరణయే ఏల కావలెను? ఫలితమును దేనితో సరిచూతురు? ఇంతవరకు మీ చేతులతో ఏమి చేసితిరి? కడపటి ప్రశ్నకు ఇరువది మంది రైతులు గల చిన్న నమూనాను మీరే వ్రాసి చూపినను చాలును. సిఫారసు వ్రాయు గురువులకు నెలరోజుల ముందే మీ ప్రశ్నను తెలుపుడు. లేనిచో వారు మంచివాడని మాత్రము వ్రాయగలరు. ఆచార్యునకు వ్రాయు లేఖలో ఆయన వ్యాసము నొకదానిని చదివి, అందు మీకు తోచిన సందేహము నొకదానిని అడుగుడు.

ముఖాముఖి పరీక్షలో నన్నొక పెద్దమనిషి ఇట్లడిగిరి: "నీ బొమ్మ ఊరు అబద్ధమైనచో నీకెట్లు తెలియును?" మా తండ్రిగారు బోరు వేయించిన ప్రతిసారి ఏ ఏడు, ఎన్ని అడుగులు, ఎంత ఖర్చు అనునది ఒక పాత పుస్తకమున వ్రాసియుంచెడివారు. దానిని బల్లపై నుంచితిని. "నా లెక్క ఈ అడుగులతో కలియనిచో, తప్పు నా లెక్కదే" అంటిని. భూగర్భజలశాఖవారు పరిశీలన బావులలో కొలుచు నీటిమట్టములతో కూడ సరిచూతునని చెప్పితిని. ఆ ఏడు నాకు వేతనము లభించినది. తొలినెల సొమ్ము మా బోరు అప్పు వడ్డీకి పోయినది.

సోదరులారా, సోదరీమణులారా! మీ ఊరి బావియో, సంతయో, చెరువు తూమో, మీకు తెలిసినంత దగ్గరగా ఏ దూరదేశపు విద్యార్థికిని తెలియదు. మన యింట అప్పులు పెంచిన ప్రశ్నయే మనకు విద్యాధన మార్జించిపెట్టగలదు. దానిని వెదకి, సూటిగా వ్రాసి పంపుడు. సెలవు.