నేల ఊగే కొండసీమ

ఛత్తీస్‌గఢ్ ఉత్తరపు కొండలు యాత్రికుణ్ణి ఆదరిస్తాయి. అయితే అక్కడ తాను అతిథినన్న సంగతిని అతడు మరువరాదు.

రాయపూర్ నగరంలో పండరీకి రెండు విధాల ప్రసిద్ధి. ఒకటి అక్కడి బట్టల బజారు. రెండవది, 2021లో భాటాగావ్‌కు తరలిపోయేవరకు నలుదిక్కులకూ బస్సులు నడిపిన బస్‌స్టాండు. ఉత్తరాది కొండలకు వెళ్ళదలచినవారు ఒకే పేటలో ఉన్ని దుప్పటి కొని, అంబికాపూర్ బస్సు ఎక్కగలిగేవారు. నేడు బస్సు మరోచోటి నుంచి బయలుదేరుతుంది. రాత్రి ప్రయాణానికి దుర్గ్–అంబికాపూర్ ఎక్స్‌ప్రెస్ ఉన్నది. దుప్పటి అవసరం మాత్రం తీరలేదు. పుష్యమాసపు తెల్లవారుజామున మైన్‌పాట్ గడ్డిమీద మంచు పేరుకుంటుంది.

రైల్వే ఉద్యోగాల మూలంగా బిలాస్‌పూర్, రాయపూర్ నగరాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి ఈ కొండలు ఒక రాత్రి ప్రయాణపు దూరమే.

మేఘుడు ఆగిన కొండ

బిలాస్‌పూర్ దాటి అంబికాపూర్ వైపు సాగే రోడ్డుమీద, ఉదయ్‌పూర్ సమీపాన రామగఢ్ కొండ కనిపిస్తుంది. కాళిదాసు యక్షుడు మేఘుణ్ణి చూచిన రామగిరి ఇదేనని స్థానికుల విశ్వాసం. నాగపూర్ దగ్గరి రామ్‌టెక్ అని వాదించేవారూ ఉన్నారు. వివాదం ఎలా ఉన్నా, ఇక్కడి సీతాబేంగ్రా, జోగీమారా గుహలు క్రీస్తుకు పూర్వపువి. సీతాబేంగ్రా గుహలో రాతి ఆసనాలను చూచి, అది ప్రాచీన నాటకశాల కావచ్చునని 1904 ప్రాంతంలో థియొడర్ బ్లాఖ్ అనే పండితుడు ఊహించాడు. జోగీమారాలోని బ్రాహ్మీ శాసనం సుతనుక అనే దేవదాసిని, ఆమెను ప్రేమించిన దేవదత్తుణ్ణి పేర్కొంటుంది. రెండువేల ఏళ్ళనాటి ప్రేమ ఒక కొండగోడమీద నిలిచి ఉన్నది.

అడుగు కింద అల

అంబికాపూర్ దాటాక రోడ్డు మైన్‌పాట్ పైకి ఎక్కుతుంది. 'పాట్' అంటే బల్లపరుపు శిఖరం గల ఎత్తైన భూమి. సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైబడిన ఈ పీఠభూమి మీద నిలిచినవానికి కొండ ఎక్కినట్లే తోచదు. అంచుకు వచ్చి, కింద లోయను చూచినప్పుడు గాని ఎత్తు తెలియదు. మాండ్ నది ఇక్కడే పుట్టి మహానదిని చేరుతుంది. దీని నైరుతి దిక్కున పుట్టిన రిహంద్ ఉత్తరంగా పారి సోన్ నదిలో కలిసి, గంగ వైపు సాగిపోతుంది.

జల్‌జలీ అనేచోట గడ్డినేలమీద ఎగిరితే, కాళ్ళకింద భూమి పరుపువలె ఊగుతుంది. నీటితో నానిన మెత్తటి మట్టిపై గడ్డివేళ్ళు దట్టంగా అల్లుకొన్నందున కలిగే వింత ఇది. 'ఉల్టా పానీ' వద్ద నీరు ఎగువకు పారుతున్నట్లు కనిపిస్తుంది. నిజానికి అది పల్లానికే పోతున్నది. చుట్టుపట్ల వాలు కంటిని మోసగిస్తుంది. కారణం తెలిసిన తర్వాత కూడా చూపు ఒప్పుకోకపోవడమే అందులోని వినోదం.

ఈ నేల మరొకరికి ఆశ్రయమైంది. 1959లో స్వదేశం విడిచిన టిబెటన్లకు 1962–63లో ఇక్కడ శిబిరాలు వెలిశాయి. మాంఝీల గూడేలకు పొరుగున నేటికీ ప్రార్థనా పతాకాలు రెపరెపలాడుతాయి. వానలు వెనుకబట్టాక పీఠభూమి అంతటా తెల్లని పూలు పరచుకొంటాయి. అది 'టావు' పైరు. ఉత్తరాదివారు ఉపవాసాలలో వాడే కుట్టు పిండి దీని గింజలదే.

ఈ బల్లపరుపు నేలకింద బాక్సైట్ ఉన్నది. 1993లో తవ్వకాలు మొదలైనాయి. పచ్చికను నిలిపే పొరకు, ఖనిజానికి మధ్య దూరం ఎంతో లేదు.

ఇంటివారు ఏనుగులు

ఈ అడవులు ఒక నష్టాన్ని ఎన్నడో చూశాయి. 1947లో కొరియా సంస్థానాధీశుడు రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ ఒకే రాత్రి మూడు చీతాలను వేటాడాడు. దేశంలో నమోదైన చివరి చీతాలు అవే. 1952లో ఆ జాతి భారతదేశంలో నశించినట్లు ప్రభుత్వం ప్రకటించింది. 2022లో కూనోకు తెచ్చిన చీతాలు ఆఫ్రికా నుంచి వచ్చినవి.

ఆ కొరియా ప్రాంతాన్ని కలుపుకొని 2024 నవంబరులో గురు ఘాసీదాస్–తమోర్ పింగ్లా పులుల అభయారణ్యం ఏర్పడింది. దాని విస్తీర్ణం సుమారు 2,829 చదరపు కిలోమీటర్లు. దేశంలో దానికన్నా పెద్దవి రెండే: మన నాగార్జునసాగర్–శ్రీశైలం, అస్సాంలోని మానస్.

సర్గుజాలో యాత్రికుడు ముఖ్యంగా జాగ్రత్తపడవలసింది ఏనుగుల విషయంలో. ఝార్ఖండ్, ఒడిశా అడవుల నుంచి వచ్చిన మందలు ఇక్కడ తిరుగుతున్నాయి. నిలవచేసిన ధాన్యం, ఇప్పపూల వాసన వాటిని గుడిసెల దాకా రప్పిస్తాయి. ఈ సంఘర్షణలో మనుషులూ, ఏనుగులూ ప్రాణాలు కోల్పోతున్నారు. చీకటి పడ్డాక అడవిదారిన నడవరాదు. ముందు ఊరివారిని అడగాలి. వారు వద్దన్న దారి వదలాలి. మంద కనిపిస్తే ఫోటో కోసం దగ్గరకు పోరాదు. అలా బెదిరిన ఏనుగు కోపం, యాత్రికుడు బస్సెక్కి వెళ్ళిపోయిన తరువాత గూడెంలోని గుడిసెమీద పడవచ్చు.

జల్‌జలీలో ఊగే పచ్చికను తొక్కి తొక్కి చింపరాదు. ఉల్టా పానీ కాలువలో సీసా పడవేయరాదు. ఇవి చిన్న నియమాలే. చీతాలు పోయినచోట ఏనుగులు, పులులు మిగలాలంటే, వెళ్ళినవాడు వాటిని పాటించి తిరిగిరావాలి.